శరత్కాలపు వార్బ్లర్‌ని గుర్తుపడతామా, పోల్చుకుంటామా?

ప్రశ్న:

శరత్కాలంలో వలస పోయే వార్బ్లర్లను (పురుగులు తినే చిన్న పాట పిట్టలు) వెతకడం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఏ పిట్ట ఏదో తేల్చుకునే చోటల్లా ‘గుర్తుపట్టడం’ అని రాశాను. చదివిన స్నేహితురాలు సగం చోట్ల అది కొట్టేసి ‘పోల్చుకోవడం’ అని పెట్టింది. రెండూ ఒకటే కదా అంటే, కాదు పొమ్మంది. నిజంగా తేడా ఉందా? ఉంటే ఈ పిట్టలకి ఏది నప్పుతుంది?

జవాబు:

మీ స్నేహితురాలిదే రైటండీ. గుర్తుపట్టాలంటే ముందు గుర్తంటూ ఒకటి ఉండాలి. పుట్టుమచ్చో, గొంతో, నడకో దొరికితే దాన్ని పట్టుకుంటాం. పోల్చుకోవడం వేరు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎదురైన మేనమామని చూసి ‘ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను’ అంటాం. ఎదురుగా ఉన్న మనిషిని, మనసులో ఉన్న మనిషి పక్కన నిలబెట్టి చూస్తున్నామన్నమాట. ‘పోల్చు’ అన్నప్పుడు రెండూ కళ్ళముందే ఉంటాయి. ‘కొను’ చేరగానే రెండోది మన లోపలికి వచ్చేస్తుంది.

ఇక పిట్టల సంగతి. అమెరికా వార్బ్లర్లలో రెంటిని తీసుకుందాం. వసంతంలో మగ బ్లాక్‌పోల్ వార్బ్లర్‌కి నల్ల టోపీ, తెల్ల బుగ్గలు. మగ బే-బ్రెస్టెడ్ వార్బ్లర్‌కి నల్లటి ముఖం, గొంతూ పక్కలూ ముదురు ఇటుక రంగు. ఆ రెంటినీ తికమకపడేవాళ్ళు ఉండరు. పిల్లల్ని లేపాక ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి చూడండి, అక్కడ మొదలవుతుంది మన టెన్షన్. సెప్టెంబరుకల్లా రెండూ ఒకేలాంటి ఆలివ్ పచ్చగా మారిపోతాయి. రెంటికీ రెక్క మీద రెండేసి తెల్ల పట్టీలు. పైగా ఎదురుపడేవాటిలో ఆ ఏడాది పుట్టిన పిల్లలే ఎక్కువ. పాట కూడా ఉండదు. కూనిరాగాలు తీస్తుందని వార్బ్లర్ అన్నారు గానీ, ఈ నెలల్లో దాని నోట వచ్చేది పొట్టిగా ఒక ‘చిప్’, అంతే.

అయినా తేడాలు పూర్తిగా పోవు. బ్లాక్‌పోల్ రొమ్ము మీద సన్నటి చారలు లీలగా ఉంటాయి, తోక కింద తెలుపు, పాదాలు పసుపు. బే-బ్రెస్టెడ్‌కి రొమ్ము నున్నగా ఉంటుంది, తోక కింద మీగడ రంగు, కాళ్ళు నల్లగా ఉంటాయి. కానీ ఈ ‘లీలగా’ అన్నది ఎంత లీలగానో రెండో పిట్టని ఎరిగినవాడికే తెలుస్తుంది. అందుకే అది పోల్చుకోవడం.

1934లో అమెరికా పక్షి పరిశీలకుడు రోజర్ టోరీ పీటర్సన్ పిట్టల గైడు తెచ్చినప్పుడు ఆయన పద్ధతంతా గుర్తుల మీదే నిలబడింది. దూరం నుంచి కనిపించే గుర్తేదో చూపించడం, అంతే. అలాంటాయన కూడా శరత్కాలపు వార్బ్లర్ల దగ్గరికి వచ్చేసరికి తికమక పెట్టేవాటినన్నిటినీ పక్కపక్కనే బొమ్మలు వేసి చూపించాల్సి వచ్చింది.

మరో సభ్యుడు:

సార్, మొదటి సగం ఒప్పుకుంటాను. కానీ శరత్కాలమనేసరికి అన్నీ పోల్చుకోవలసినవే అనేస్తే ఎలా? ఎల్లో-రంప్డ్ వార్బ్లర్ నడుము మీద పసుపు మచ్చ ఏడాది పొడుగునా ఉంటుంది. అది ఎగిరిపోతూ వీపు చూపించినా చాలు. బ్లాక్-అండ్-వైట్ వార్బ్లర్ ఏ కాలంలోనైనా చారల చొక్కా తొడుక్కునే చెట్టు మాను మీద పాకుతుంది. పామ్ వార్బ్లర్ తోక ఆడించడం ఆపదు. రంగు ఒక్కటే గుర్తు కాదు కదా, అలవాటు కూడా గుర్తే. వీటిని గుర్తుపడతాం అనడంలో తప్పేముంది?

ముందు జవాబిచ్చినవారు:

తప్పేం లేదండీ. ఆవిడ సగం చోట్లే కొట్టేసిందని మర్చిపోకండి. ఏ సగమో చూడాలని ఉంది నాకు.

ఒక సభ్యురాలు:

‘పోల్చుకోవడం’ వైపు ఇంకో సాక్ష్యం. యూరప్ వైపు చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్ అని రెండు పిట్టలున్నాయి, కవల పిల్లల్లా ఉంటాయి. వాటినీ, వుడ్ వార్బ్లర్‌నీ మూడు వేర్వేరు జాతులుగా ఇంగ్లండు ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ విడదీసింది 1768 నాటికి, అదీ ముఖ్యంగా పాట విని. శరత్కాలంలో ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు రెక్క చూడాలి. ముడుచుకున్న రెక్క చివర పొడుగు ఈకలు పైవాటిని దాటి ఎంత బయటికొచ్చాయన్నది లెక్క. విల్లో వార్బ్లర్ సహారా దాటి పోయేది కాబట్టి దాని రెక్క కొన పొడుగ్గా తేలుతుంది. చిఫ్‌చాఫ్ ప్రయాణం మామూలుగా అంతకన్నా తక్కువ, రెక్క కొనా పొట్టిదే. పొడుగూ పొట్టీ అన్నవి ఒంటరిగా నిలబడే మాటలు కావు. దేనికన్నా పొడుగు అని అడగాల్సిందే.

కాళ్ళు సాయం చేస్తాయి, చిఫ్‌చాఫ్‌కి నలుపు, విల్లోకి సాధారణంగా లేత రంగు. ఎండ ఎదురుగా పడితే మాత్రం ఆ నమ్మకం పెట్టుకోకండి.

మరో సభ్యుడు:

అందరూ పేరు తేల్చడం దగ్గరే ఆగారు. అసలు ముందు పిట్ట కనపడాలి కదండీ! ‘వెతకడం’ అన్న మాట ఇక్కడ బొత్తిగా చాలదు. పోయిన తాళంచెవి ఉన్నచోటే ఉంటుంది, వెతుకుతాం. రాత్రంతా ఎగిరొచ్చి తెల్లవారి ఆకుల్లో మేతకి దిగిన పన్నెండు గ్రాముల పిట్ట ఒకచోట ఉండదు. గాలికి కొమ్మంతా ఊగుతుంది. పిట్ట ఉంటే ఒక్క ఆకే తొణుకుతుంది. ఆ ఒక్క ఆకుని పసిగట్టాలి. ‘పసి’ అంటే వాసన, జంతువు వాసన పట్టినట్టు మనకి కళ్ళు పట్టాలి. ఆ తర్వాత ‘కనిపెట్టుకుని’ ఉండాలి. ఈ మాట చూడండి, కాచుకుని చూడటమూ కనిపెట్టడమే, కొత్తది తెలుసుకోవడమూ కనిపెట్టడమే. పిట్టల పరిశీలనకి ఇంతకన్నా మంచి క్రియ నాకు తోచలేదు.

ఒక కిటుకు కూడా: అమెరికా అడవుల్లో చికడీలనే చిన్న పిట్టల గోల వినిపిస్తే అక్కడే ఆగండి. వలసదారులు తరచు ఆ గుంపులతో కలిసి తిరుగుతాయి. చలిగాలి వీచి, ఉత్తరపు గాలి తోడైన రాత్రి తర్వాతి ఉదయమైతే ఇంకా మేలు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. స్నేహితురాలు కొట్టేసినవి చూశాను. ఎల్లో-రంప్డ్ దగ్గర ‘గుర్తుపట్టాం’ని అలాగే ఉంచింది, బ్లాక్‌పోల్ దగ్గర మార్చింది! ఒక్కటే మిగిలింది. బ్లాక్‌పోలో బే-బ్రెస్టెడో తేలకుండానే ఎగిరిపోయినదాన్ని ఏమని రాయాలి? ‘గుర్తు తెలియని పక్షి’ అంటే పోలీసు ప్రకటనలా ఉంది.

ఒక సభ్యురాలు:

‘పోలిక తెలిసింది, ఆనవాలు దొరకలేదు’ అని రాయండి. ఫలానావాళ్ళ పోలిక అంటే ఏ కుటుంబమో తెలిసినట్టు, ఆనవాలు అంటే ఆ మనిషేనని రుజువు. సీతమ్మకి హనుమంతుడు ఉంగరం ఇచ్చింది ఆనవాలుగానే కదా. మీ పిట్టకి పసుపు పాదాలు కనిపించి ఉంటే అదే ఆనవాలయ్యేది.