ఒకే ఇండోర్ స్టేడియంలో షటిలూ, మ్యూజికల్ నైటూ రెండూ కుదురుతాయా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మా ఊళ్లో ఉన్నవాళ్లం, బయట స్థిరపడ్డవాళ్లం కలిసి ఇండోర్ స్టేడియం కట్టించాలనుకుంటున్నాం. పగలు షటిల్, వాలీబాల్, కబడ్డీ. పండగలకి సంగీత విభావరి, స్కూళ్ల యానివర్సరీలు. అద్దె వస్తే కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం గడిచిపోతాయి. లోపల 40 మీటర్లు బై 30, రేకుల కప్పు. ఎత్తు 8 మీటర్లు చాలంటున్నాడు కాంట్రాక్టరు. ఏసీ పెట్టించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సౌండ్ బాక్స్ (విజయనగరం):
గురువుగారూ, మాది సౌండు, లైటింగు పని. పైడితల్లమ్మ పండగకి ఆరుబయట స్టేజీలే కాబట్టి బాధ లేదు. రేకుల షెడ్డులో ప్రోగ్రాం అంటే మాత్రం అడ్వాన్సు తీసుకోకముందే వెళ్లి, మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి వింటాను. ఒక కాలేజీ హాల్లో గాయని చరణం అందుకునేసరికి పల్లవి ఇంకా గోడల మీదే తిరుగుతోంది. సౌండు పెంచితే మాటలు ముద్ద, తగ్గిస్తే వెనక వరసల నుంచి కేకలు. ఆ రాత్రంతా నా చెయ్యి మిక్సర్ మీదే ఉంది, ఫలితం సున్నా.

మీ కొలతలకి, కాంట్రాక్టరు చెప్పిన 8 ఆటలకి చాలదు కాబట్టి, ఎత్తు 12 మీటర్లు వేసుకుని లెక్క కట్టాను. వట్టి రేకు, సిమెంటు గోడలైతే ఖాళీ హాల్లో శబ్దం చావడానికి సుమారు ఏడు సెకన్లు. కప్పు కింద మొత్తం గ్లాస్ వూల్ (శబ్దాన్ని పీల్చే గాజు పీచు), దాని కింద చిల్లుల రేకు వేయిస్తే రెండు సెకన్ల దగ్గరికి వస్తుంది. పాటకి అది చాలు. వాన చప్పుడూ తగ్గుతుంది. కట్టాక చేయిస్తే మళ్లీ పరంజా ఖర్చు.

ఇంకోటి, బాక్సులు, లైట్లు వేలాడదీయడానికి కప్పు ట్రస్సుల్లో (కప్పుని మోసే ఇనుప చట్రాల్లో) పాయింట్లు డ్రాయింగులోనే రాయించండి. పర్లిన్‌కి, అంటే రేకుల్ని మోసే సన్నటి ఇనుప పట్టీకి, గొలుసు కట్టేయమనే నిర్వాహకులున్నారు, నేను కట్టను. కింద జనం కూర్చుంటారు. లైట్లకీ సౌండుకీ కరెంటు లైన్లు వేరుగా ఉండాలి, లేదంటే లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ కదిపినప్పుడల్లా బాక్సులు గుర్రుమంటాయి.

షటిల్ మాస్టారు:
8 మీటర్లు అస్సలు ఒప్పుకోకండి. వాలీబాల్ నిబంధనల్లో కోర్టు పైన కనీసం 7 మీటర్లు ఖాళీ ఉండాలి, ప్రపంచ స్థాయి పోటీలకి 12.5. ఆ 8 లోంచి ట్రస్సులు, లైట్లు, ఈయన బాక్సులు పోతే మిగిలేదెంత? షటిల్‌కైతే పెద్ద టోర్నీల్లో 12 మీటర్లు చూస్తారు.

ఏసీ మాట. షటిల్ కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. ఏసీ డక్ట్ గాలి కోర్టు మీదికి కొడితే బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గరికి కొట్టిన షాటు బయట పడుతుంది. గాలి పక్కలకి, నెమ్మదిగా వదిలేలా చేయించండి. బేస్‌లైన్ వెనక గోడకి తెల్ల రంగు వద్దు, కాక్ కనబడదు.

చెక్క ఫ్లోరు మీద ప్లాస్టిక్ కుర్చీలు ఈడిస్తే నా ప్రాణం పోతుంది. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఇండోర్ స్టేడియంలో హాకీ మంచు అలాగే ఉంచి, పైన ఇన్సులేషన్ పలకలు, ఆపైన బాస్కెట్‌బాల్ చెక్క కోర్టు పరుస్తారు. మనకి మంచు లేదు కాబట్టి ప్రోగ్రాం రోజున పరిచే పలకలు కొంటే చాలు, కానీ వాటిని దాచడానికి గది ప్లానులోనే ఉండాలి.

తీరం ఇంజినీరు:
అందరూ లోపలి సంగతే చెబుతున్నారు. 2014 హుద్‌హుద్‌ తుపానుకి విశాఖ ఎయిర్‌పోర్టు కప్పు ఏమైందో చూశాం. 2018 తిత్లీ మీ జిల్లా మీదే తీరం దాటింది. కట్టడాల మీద గాలి భారం లెక్కకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం మన తీరానికి డిజైనులో మొదట తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. తుపానులో జనాన్ని ఇందులోకే తెస్తారు కాబట్టి, తుపాను తర్వాత కూడా పనికి రావాల్సిన కట్టడాలకి ఆ కోడ్ చెప్పే 1.30 గుణకంతో గాలి వేగాన్ని పెంచి లెక్క వేయించండి. పెద్ద తలుపు విరిగితే గాలి లోపలికి దూరి కప్పుని పైకి తంతుంది. 2005లో కత్రినా తుపానుకి అమెరికాలో న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్ స్టేడియం కప్పు చిరిగినప్పుడు లోపల వేలమంది ఉన్నారు.

నాగావళి గట్టు:
కాంట్రాక్టరుకి ఇదంతా వాట్సాప్‌లో పెట్టాను, 12 మీటర్లకి కొత్త ఎస్టిమేటు అడిగాను. ఏసీ తర్వాత చూద్దామని మావాళ్లు. స్టేజీ ఏ వైపు పెట్టమంటారు?

సౌండ్ బాక్స్:
30 మీటర్ల గోడ వైపు. దాని వెనక లారీ రివర్స్‌లో వచ్చేంత గేటు ఉంచండి. కోర్టు మీదుగా బాక్సులు దొర్లిస్తే మాస్టారు మమ్మల్ని గడప తొక్కనివ్వరు.