నడిరాత్రి రికార్డింగ్ కాల్స్, ఆపేదెట్ట?

మాది కోవూరు పక్కన. గట్టిగా వాన పడితే చాలు రాత్రి ఒంటిగంటకి ఫోను, ఎత్తితే రికార్డింగ్ వాయిస్, పెన్నలోకి నీళ్లు వదుల్తుండారు లోతట్టోళ్లు జాగ్రత్త అని, మా నాయనకి బీపీ, అదిరిపడి లేస్తుండాడు. మేముండేది మిద్దె మీద. నంబర్ బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి వస్తుంది. సిమ్ కంపెనీకి చెప్పి డీఎన్‌డీ (అక్కర్లేని కాల్స్ రాకుండా చేసేది) పెడితే ఆగుతుందా?

— ఆగదన్నా, డీఎన్‌డీ వ్యాపార కాల్స్‌కే. అయినా కోవూరులో ఉండి ఆపమంటావేంది? 2021 నవంబర్‌లో సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కుల పైన వదిలితే పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకపోయింది, హైవే కూడా దెబ్బతినింది. మిద్దె మునగకపోవచ్చు, కింద బండి, గొడ్లు, బియ్యం మూటలు?

— కాల్ వేరు, పెద్దగా బీప్ కొట్టి స్క్రీన్ మీద వచ్చే అలర్ట్ వేరు. ఆ అలర్ట్ టవర్ నుంచి ఆ ఏరియాలో ఉండే ఫోన్లన్నిటికీ పోతుంది, నంబర్‌తో పనిలేదు, దాన్ని ఆన్ లోనే ఉంచి నాయన ఫోను మాత్రం రాత్రిపూట సైలెంట్‌లో పెట్టు, నీది నీ దగ్గర పెట్టుకో.

— ఒంగోలు నుంచి. మిచాంగ్ తుపాను అప్పుడు సముద్రం పక్కన కొత్తపట్నంలో ఉండే మా చుట్టాలు, ఇట్టాంటి హెచ్చరిక ఫోను మోగితే చాలు అనుకున్నారు. ఓటీపీ అడిగితే మాత్రం దొంగ కాల్, ఫోను పెట్టేయండి. డౌటుంటే విపత్తుల కంట్రోల్ రూమ్ నంబర్ 1070కి చేసి అడగొచ్చు.

— సరేనన్నా, నాయన ఫోను సైలెంట్ చేస్తా. అదే కాల్ రాత్రికి నాలుగుసార్లు దేనికో మాత్రం ఎవురూ చెప్పలా.