అప్‌డేట్: ఎం-బుక్‌లో సంతకం చేయలేదు

కట్టని కల్వర్టుకు ఎం-బుక్‌లో (పని కొలతలు నమోదు చేసే, బిల్లు చెల్లింపుకు ఆధారమయ్యే పుస్తకంలో) కొలతలు రాసి సంతకం పెట్టమని పై అధికారి ఒత్తిడి చేస్తున్నారనీ, మా సంఘ పెద్ద "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అన్న బైబిల్‌లోని రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని గుర్తుచేస్తున్నారనీ, క్రైస్తవుడిగా నేనేం చేయాలనీ ఇంతకుముందు అడిగాను. సంతకం చేయలేదు.

మీలో ఒకరు చెప్పిన కేరళ పిల్లల ఉదంతమే నాకు దారి చూపింది. యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ఆ ముగ్గురు, బడిలో జాతీయగీతం పాడేటప్పుడు అందరితోపాటు గౌరవంగా లేచి నిలబడ్డారే గాని, విశ్వాసం ఒప్పుకోనందున గొంతు కలపలేదు. 1985లో వారిని బడి నుంచి తీసివేస్తే, 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు కావడం నాకెంతో సంతోషం కలిగించింది. అధికారాన్ని గౌరవిస్తూనే ఆజ్ఞను నిరాకరించవచ్చని అక్కడ గ్రహించాను. "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్న యేసు శిష్యుడు పేతురు కూడా, చెరసాలకు వెళ్లాడే గాని, తిరుగుబాటు లేవదీయలేదు.

అందువల్ల వాదించకుండా, పునాది గుంతలో వాననీరు నిలిచి ఉన్న ఫోటోలు జతచేసి, కొలతలు నమోదు చేయలేనని లిఖితపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకున్నాను. వారం తిరగకముందే బదిలీ ఉత్తర్వు వచ్చింది. కొత్త చోట చేరాను. సంఘ పెద్ద నాతో ఇంకా ఏకీభవించలేదు, కానీ మా ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. బిల్లు మాత్రం ఇప్పటికీ పాస్ కాలేదు.