గ్రంథాలయం నుంచి యూట్యూబ్‌లో పిల్లల కథలు: హక్కులు, సెట్టింగుల సంగతి?

శాఖా_గ్రంథాలయం: ఆదివారం కథల కార్యక్రమాన్ని యూట్యూబ్ లైవ్‌లో పెట్టాలనుకుంటున్నాం. ఉన్నది ఒక ఫోను, ఒక స్టాండు. బీరువాలో ఉన్న ఏ పుస్తకమైనా చదివేయొచ్చా? చూపించే బొమ్మల పేజీ తెల్లగా మెరిసిపోతోంది, ఏం చేయాలి?

పాత_క్యాటలాగ్: చదవకూడదండీ. పుస్తకం కొన్నంత మాత్రాన ప్రసార హక్కు రాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. అనువాదకుడికీ, బొమ్మలు వేసినవారికీ విడిగా లెక్క. కాబట్టి ప్రచురణకర్త దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. అంత ఓపిక లేకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటు ఉంది. అక్కడ తెలుగు కథలు బోలెడు, ఎక్కువగా క్రియేటివ్ కామన్స్ (కర్తల పేర్లు చెప్పి వాడుకోనిచ్చే ఉచిత లైసెన్సు) కింద ఉంటాయి. రచయిత, చిత్రకారుడు, అనువాదకుడు, లైసెన్సు పేర్లు వీడియో కింద రాస్తే చాలు.

మైకు_మామ: మెరుపుకి కారణం నున్నటి కాగితం, ఎదురు లైటు. లైటు పక్కనుంచి 45 డిగ్రీల వాలులో పడాలి, పుస్తకం పైఅంచు కాస్త ముందుకు వంచాలి. ఫ్యాను ఆపేయండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద. పేజీ తిప్పాక మూడు సెకన్లు ఆగండి, నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకి బొమ్మ తేటపడాలిగా.

ఇంకోటి, ఫోన్ నుంచి లైవ్‌కి 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే 24 గంటల దాకా పట్టొచ్చు, శనివారం రాత్రి మొదలెట్టకండి!

పాత_క్యాటలాగ్: యూట్యూబ్ సెట్టింగుల్లో వీడియోకి ‘పిల్లల కోసం’ అని తప్పకుండా గుర్తు పెట్టండి. పెడితే వ్యాఖ్యలు, లైవ్ చాట్ రెండూ మూతపడతాయి, మంచిదే. ప్రశ్నలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అడగండి. పిల్లల ముఖాలు మాత్రం కెమెరాలో పడనీయొద్దు.