183ని బైనరీ చేస్తే నెట్‌వర్క్ అడ్రస్ తేడా వస్తోంది, ఎక్కడ పోతోంది?

కొత్త_సబ్‌నెట్:
అడ్రస్ 10.45.183.201/21, అంటే 32 బిట్లలో మొదటి 21 నెట్‌వర్క్‌వి. నెట్‌వర్క్ అడ్రస్ కాగితం మీద కడితే 10.45.232.0 వస్తోంది. ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌లో 10.45.176.0 అని చూపిస్తోంది. 183ని రెండుతో భాగించుకుంటూ పోతే 11101101 వచ్చింది. ఆ 21 బిట్లను చూపే మాస్క్‌లో మూడో అంకె 248, అంటే 11111000. రెండూ యాండ్ చేస్తే (రెండింట్లోనూ 1 ఉన్నచోటే 1) 11101000, అంటే 232. ఎన్నిసార్లు చేసినా ఇదే. సిస్కో వాళ్ళ సీసీఎన్ఏ పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు కదా, చేత్తోనే రావాలి.

బిట్టుబాబు:
యాండ్‌లో తప్పు లేదండీ, అంతకుముందే పోయింది. శేషాలను పైనుంచి కిందికి చదివారు. కింద నుంచి పైకి చదవాలి.

183 ÷ 2 = 91, శేషం 1
91 ÷ 2 = 45, శేషం 1
45 ÷ 2 = 22, శేషం 1
22 ÷ 2 = 11, శేషం 0
11 ÷ 2 = 5, శేషం 1
5 ÷ 2 = 2, శేషం 1
2 ÷ 2 = 1, శేషం 0
1 ÷ 2 = 0, శేషం 1

కింద నుంచి చదివితే 10110111. దీన్ని 11111000తో యాండ్ చేస్తే 10110000, అంటే 176. మొదట వచ్చే శేషం ఒకట్ల స్థానానిది, అందుకే అది కుడి చివర ఉండాలి.

ఈ తప్పు చాలాసార్లు దొరకదు కూడా. 0, 24, 129, 165, 255 లాంటివి ఎటునుంచి చదివినా ఒకటే. బేసి సంఖ్య అయితే చివర 1 ఉండాలి, 128 దాటితే మొదట 1 ఉండాలి అని సరిచూసుకుంటారు కదా, మీ 11101101 ఆ రెండింటిలోనూ పాసైపోతుంది!

రూటర్_రావు:
అందుకే ఆక్టెట్‌కి (చుక్కల మధ్య ఉండే ఎనిమిది బిట్ల అంకెకి) భాగహారం వద్దంటాను. 128 64 32 16 8 4 2 1 వరుసగా రాసుకుని తీసేసుకుంటూ రండి. 183లో 128 పోతే 55, ఇక్కడ 1. 55లో 64 పోదు, 0. 32 పోతే 23, 1. 16 పోతే 7, 1. 8 పోదు, 0. తర్వాత 4, 2, 1 మూడూ పోతాయి. 10110111. ఎడమ నుంచి కుడికే రాస్తాం కాబట్టి తిరగబడే అవకాశమే లేదు. ఎనిమిది గళ్ళూ నింపుతాం కాబట్టి ముందు సున్నాలు కూడా జారవు. భాగహారంలో 13కి 1101 దగ్గరే ఆగిపోతారు, కావలసింది 00001101. ఆ నాలుగు సున్నాలు వదిలేసి ఆక్టెట్‌లను పక్కపక్కన చేర్చారా, 32 బిట్ల లెక్క మొత్తం ఎడమకు జరిగిపోతుంది.

బిట్టుబాబు:
ఒప్పుకుంటాను. నేనైతే 16తో ఒక్కసారే భాగిస్తాను. 183లో 16లు 11, మిగిలింది 7. 11 అంటే 1011, 7 అంటే 0111. 0 నుంచి 15 దాకా నాలుగు బిట్ల రూపాలు నోటికి వస్తే చాలు, తర్వాత నాలుగేసి బిట్లకు ఒక అంకె రాసే ఐపీవీ6 అడ్రస్‌లకీ అదే పనికొస్తుంది.

నైట్‌షిఫ్ట్_నాక్:
నాలుగు ఆక్టెట్‌లనూ బైనరీ చేసే పనే లేదు. మాస్క్‌లో 255 ఉన్నచోట అంకె అలాగే దిగుతుంది, 0 ఉన్నచోట 0. మాస్క్ తెగిన ఆక్టెట్ ఒక్కటే చూడాలి. ఇక్కడ మూడోది. 256 − 248 = 8. ఎనిమిదో ఎక్కంలో 183 దాటకుండా చివరిది 176, తర్వాతది 184. కాబట్టి నెట్‌వర్క్ 10.45.176.0, బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే చివరి అడ్రస్) 10.45.183.255, ఈ రెండూ పోగా వాడుకోదగ్గవి 2046.

మాస్క్ ఆక్టెట్‌లో వచ్చే విలువలు తొమ్మిదే: 0, 128, 192, 224, 240, 248, 252, 254, 255. ఒకసారి 0 పడ్డాక మళ్ళీ 1 రాదు. ఎవరైనా 255.255.250.0 అని పంపితే అది టైపింగ్ తప్పే, లెక్క మొదలుపెట్టక్కర్లేదు.

కొత్త_సబ్‌నెట్:
అర్థమైంది, థాంక్సండీ. తీసివేత పద్ధతికి మారిపోతున్నా. సరిచూసుకోవడానికి ఎక్సెల్ వాడొచ్చా? డెక్‌టుబిన్ (DEC2BIN) ఫంక్షన్ పెడితే 77కి 1001101 అని ఏడు అంకెలే వస్తున్నాయి.

షీట్_శారద:
ఆ ఫంక్షన్‌కి రెండో విలువగా 8 ఇవ్వండి, 01001101 వస్తుంది. ఆ ఫలితం టెక్స్ట్. దాన్ని విలువగా కాపీ చేసి మళ్ళీ నంబర్‌గా మార్చారంటే ముందు సున్నా ఎగిరిపోతుంది. డెక్‌టుబిన్ 511 వరకే పనిచేస్తుంది, ఆక్టెట్‌కి సరిపోతుంది. మొత్తం 32 బిట్లు ఒకే గడిలో కావాలంటే ఎక్సెల్ 2013 నుంచి ఉన్న బేస్ ఫంక్షన్ వాడండి: సంఖ్య, 2, 32.

రూటర్_రావు:
బైనరీలో సున్నాలు వదలకూడదని చెప్పాం కదా, డెసిమల్‌లో దానికి రివర్స్. అందంగా వరుసలో ఉంటుందని షీట్‌లో 010.045.183.201 అని రాసేవాళ్ళున్నారు. దాన్ని అలాగే కాపీ చేసి లైనక్స్‌లో పింగ్ కొడితే ముందు సున్నా ఉన్నవాటిని ఆక్టల్‌గా, అంటే ఎనిమిదుల లెక్కలో తీసుకుంటుంది. 010 అంటే 8, 045 అంటే 37. ప్యాకెట్ 8.37.183.201కి బయల్దేరుతుంది. మీరేమో ఫైర్‌వాల్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు. పైథాన్‌లో అడ్రస్‌లకుండే మాడ్యూల్ 3.9.5 నుంచి ఇలాంటివాటిని అసలు ఒప్పుకోదు, అదే నయం.

డేటాబేస్_దుర్గ:
అడ్రస్‌ని ఒకే డెసిమల్ సంఖ్యగా మార్చి దాచేవాళ్ళకి ఒక మాట. మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్‌ని ఉత్త ఇంట్ అని పెట్టకండి, అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేని) ఇంట్ పెట్టండి. 10.45.183.201 విలువ 170768329, మామూలు ఇంట్‌లో హాయిగా పడుతుంది. 192.168.1.1 విలువ 3232235777, పట్టదు. ఇంట్ హద్దు 2147483647. మొదటి ఆక్టెట్ 128 లేదా ఆపైన ఉంటే 32 బిట్లలో మొదటిది 1 అవుతుంది, సైన్డ్‌లో అది మైనస్ గుర్తు స్థానం. మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. లేకపోతే హద్దు దగ్గర కత్తిరించి దాచేస్తుంది, వెనక్కి మారిస్తే 127.255.255.255 కనిపిస్తుంది. టేబుల్‌లో ఆ అడ్రస్ వందల వరుసల్లో ఉంటే కారణం ఇదే. 10తో మొదలయ్యే అడ్రస్‌లతోనే టెస్ట్ చేస్తే ఇది బయటపడదు.

చేత్తో వెనక్కి మార్చాలంటే 256తో నాలుగుసార్లు భాగించండి. ఇక్కడా శేషాలు కింద నుంచి పైకే.

నైట్‌షిఫ్ట్_నాక్:
యాక్సెస్ లిస్ట్ (ఏ ప్యాకెట్‌ని వదలాలో, దేన్ని ఆపాలో రూటర్‌కి చెప్పే జాబితా) రాసేటప్పుడు బిట్లు తలకిందులవుతాయి, అక్కడ జాగ్రత్త. సిస్కో రూటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో మాస్క్‌కి బదులు వైల్డ్‌కార్డ్ రాస్తారు, అంటే ఒక్కో ఆక్టెట్‌లో 255 నుంచి మాస్క్ తీసేసినది, మీ /21కి 0.0.7.255. 0 అంటే సరిపోలాలి, 1 అంటే పట్టించుకోదు. అక్కడ 255.255.248.0 అని కొట్టినా రూటర్ కిక్కురుమనదు. కానీ మొదటి రెండు ఆక్టెట్‌లను వదిలేసి, చివరి ఆక్టెట్ సరిగ్గా 0 ఉన్నవాటినే వెతుకుతుంది. ఆ లైన్ మీద హిట్ కౌంట్ సున్నా దగ్గరే నిలిచిపోతే ముందు ఇదే చూడండి.

కొత్త_సబ్‌నెట్:
చివరిగా ఒకటి. 172.32.5.1 ప్రైవేట్ (లోపలి నెట్‌వర్క్‌లోనే వాడే) అడ్రస్సేనా? 172తో మొదలైంది కదా.

బిట్టుబాబు:
కాదు. ప్రైవేట్ బ్లాక్ 172.16.0.0/12. రెండో ఆక్టెట్‌లో మొదటి నాలుగు బిట్లు 0001గా ఉండాలి. 16 అంటే 00010000, 31 అంటే 00011111. 32 అంటే 00100000, అక్కడికి బ్లాక్ దాటిపోయింది.