డప్పు శాంపిల్స్‌తో దరువు వాయిస్తే మిషన్ కొట్టినట్టుంది, ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఊరి డప్పు కళాకారుల దగ్గర ఒక పూట కూర్చుని దెబ్బలు రికార్డు చేసుకొచ్చాను. ఒక మైకు డప్పుకు దగ్గరగా, ఇంకోటి ఆరడుగుల దూరంలో పెట్టాను. ముందు మెల్లటి దెబ్బలన్నీ, తర్వాత మధ్యరకం, చివర్లో గట్టివి. ముక్కలు కోసి, అన్నిటినీ నార్మలైజ్ చేసి, డీసెంట్ శాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాలను కీబోర్డుతో మోగించే సాఫ్ట్‌వేర్) పెట్టాను. ఒక్కో దెబ్బ విడిగా వింటే అచ్చం డప్పే. దరువు మొదలెట్టగానే మిషన్ కొట్టినట్టుంది. పైగా కీ గట్టిగా నొక్కితే శ్రుతి దిగిపోయినట్టు వినిపిస్తోంది. కాంటాక్ట్ అనే డబ్బు పెట్టి కొనే శాంప్లర్ కొంటే సరిపోతుందా అన్నా?

జవాబు:
కొనకు తమ్ముడూ. ఇవే ఫైళ్ళు కాంటాక్ట్‌లో పెట్టినా ఇలాగే వినిపిస్తాయి.

ముందు శ్రుతి సంగతి. డప్పును మంట సెగకు కాచినప్పుడు తోలు బిగుస్తుంది, చల్లారేకొద్దీ వదులవుతుంది. నువ్వు మెల్లటివి ముందు తీశావు కాబట్టి అవి వేడి మీదున్న డప్పువి. గట్టివి చల్లారిన డప్పువి. నిజానికి జరగాల్సింది దీనికి తలకిందులు: గట్టిగా కొట్టినప్పుడు తోలు ఒక్క క్షణం ఎక్కువ సాగి, దెబ్బ మొదట్లో శ్రుతి కాస్త పైకి లేస్తుంది. అందుకే నీ చెవికి తేడా అంత కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. ఉన్నవాటిని శాంప్లర్‌లో ట్యూనింగ్ మార్చి సర్దుకో, కానీ అర స్వరం కంటే ఎక్కువ లాగకు. ఈసారి వెళ్ళినప్పుడు మెల్లది, మధ్యది, గట్టిది వరసగా ఒక్కో దెబ్బ కొట్టించు, మళ్ళీ మొదటి నుంచి. డప్పు దిగినట్టనిపిస్తే ఆపి మళ్ళీ కాయమను. వాళ్ళకు అది మనకంటే ముందే తెలుస్తుంది.

రెండోది, నార్మలైజ్ తీసెయ్. మెల్లటి దెబ్బనూ గట్టి దెబ్బనూ ఒకే మట్టానికి లేపేస్తే మెల్లటి దాంట్లో గది రొద కూడా పైకొస్తుంది. రెంటి మధ్య అసలు తేడా పోతుంది. పాత ఫైళ్ళు ఉన్నాయి కదా? మధ్యలో గెయిన్ (రికార్డింగ్ మట్టం) మార్చావా?

అడిగినవారు:
ఉన్నాయన్నా. గట్టివాటికి మీటరు ఎర్రగా వస్తోందని గెయిన్ తగ్గించాను. ఎంత తగ్గించానో రాసుకున్నాను.

జవాబు:
అయితే ఇబ్బంది లేదు. మెల్లటివాటినీ మధ్యరకాన్నీ కూడా అన్నే డెసిబెల్స్ తగ్గించు, సరిపోతుంది. గెయిన్ ఎప్పుడూ అన్నిటికంటే గట్టి దెబ్బకు ముందే కుదుర్చుకోవాలి. తర్వాత దాన్ని ముట్టుకోకూడదు. 24 బిట్‌లో తీస్తే మెల్లటివి చిన్నగా పడ్డా ఏమీ కాదు.

ఇక మిషన్ మోత. ఒకే ఫైలు మళ్ళీ మళ్ళీ మోగితే చెవి వెంటనే పట్టేస్తుంది. ఒక్కో స్థాయికి కనీసం నాలుగైదు వేర్వేరు దెబ్బలు ఉండాలి, వాటిని రౌండ్ రాబిన్‌లో (ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా) తిప్పాలి. నాలుగు కంటే అయిదే మేలు. నాలుగు పెట్టి నాలుగు లెక్కల దరువు వాయిస్తే ప్రతి ఆవృత్తంలో మొదటి దెబ్బకు అదే ఫైలు వచ్చి కూర్చుంటుంది. అయిదైతే వరస జరుగుతూ పోతుంది.

డప్పు కొట్టే రెండు కర్రల్లో చిర్ర దెబ్బనూ సిటికెన పుల్ల దెబ్బనూ మాత్రం ఒకే రౌండ్ రాబిన్‌లో కలపొద్దు. ఒకటి లావుగా, ఒకటి సన్నగా పలుకుతుంది. దరువు నడకంతా వాటి మధ్యే ఉంది. చెరో కీ ఇచ్చి రెండు వేళ్ళతో వాయించు. సగం మిషన్‌తనం అక్కడే పోతుంది.

మరొకరు:
పై సలహాలతో ఏకీభవిస్తాను, ఒక్కటి తప్ప. దెబ్బలు విడివిడిగా కొట్టించి తీస్తే సరిపోదు. వేగంగా వాయించేటప్పుడు ముందు దెబ్బకు తోలు ఇంకా ఊగుతూనే ఉంటుంది, దాని మీద రెండోది పడుతుంది. ఆ పలుకే వేరు. అందుకని రెండు మూడు వేగాల్లో దరువు నడిపించి, అందులోంచి కూడా దెబ్బలు కోసుకోండి. తోకలు పొట్టిగా వస్తాయి, పర్వాలేదు, వేగపు వాయింపుకు అవే కావాలి.

ఇంకో మాట. రెండు మైకుల ఫైళ్ళనూ సరిగ్గా ఒకే చోట కోయండి. ఆరడుగులంటే దూరపు మైకుకు శబ్దం సుమారు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని విడిగా దెబ్బ మొదలయ్యే చోట కోస్తే ఆ దూరం పోతుంది, రెండూ కలిసినప్పుడు పలుకు మారిపోతుంది. దగ్గరి మైకులో దెబ్బకు ముందు ఒకటి రెండు మిల్లీసెకన్లు వదిలితే చాలు. ఎక్కువ వదిలితే కీ నొక్కాక ఆలస్యంగా మోగినట్టుంటుంది.

అడిగినవారు:
చాలా థాంక్స్. వెలాసిటీ (కీ ఎంత గట్టిగా నొక్కామో చెప్పే అంకె) 127 దాకా ఉంటుంది కదా, దాన్ని మూడు సమాన భాగాలు చేయనా? ఇంకోటి, ప్రీసెట్‌లో (ఏ కీకి ఏ ఫైలు మోగాలో రాసే ఫైలు) నోట్లు సి3లో పెట్టానని అనుకున్నా, కానీ కీబోర్డులో వేరే ఆక్టేవ్‌లో మోగుతున్నాయి.

జవాబు:
సమానంగా వద్దు. మామూలుగా వాయిస్తే వేళ్ళు ఎక్కువగా మధ్యలోనే పడతాయి. 1–55, 56–95, 96–127తో మొదలుపెట్టి, నీ కీబోర్డును బట్టి జరుపుకో. డీసెంట్ శాంప్లర్‌లో వెలాసిటీని బట్టి వాల్యూమ్ ఎంత మారాలో చెప్పే విలువ మామూలుగా 1 ఉంటుంది, దాన్ని 0.3 దాకా తగ్గించు. తేడా నీ రికార్డింగ్‌లోనే ఉంది కదా, శాంప్లర్ మళ్ళీ తగ్గిస్తే మెల్లటివి వినిపించవు.

నోట్ల పేర్లు నమ్మకు. నోట్ నంబర్ 60ని కొన్ని సాఫ్ట్‌వేర్‌లు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి. ప్రీసెట్‌లో అంకెలే రాయి.

స్నేహితులకు ఇవ్వాలనుకుంటే డీసెంట్ శాంప్లరే నయం, ఉచితం కాబట్టి ఎవరైనా తెరుస్తారు. ఉచితంగా దొరికే కాంటాక్ట్ ప్లేయర్‌లో మనం సొంతంగా చేసుకున్నవి 15 నిమిషాలకే ఆగిపోతాయి. ఇచ్చేముందు ఆ కళాకారులను అడుగు, డబ్బు మాట కూడా తేల్చుకో. ఒక పూట వాయించినందుకు ఇచ్చేది వేరు, వాళ్ళ దెబ్బలు పదిమంది పాటల్లో మోగడం వేరు.

ఫోల్డరు పంపేటప్పుడు ప్రీసెట్‌లో నీ కంప్యూటర్ డ్రైవ్ పేరుతో మొదలయ్యే దారి లేకుండా చూసుకో. శాంపిల్స్ ఫోల్డరు ప్రీసెట్ పక్కనే పెట్టి, అక్కడి నుంచే దారి రాయి. లేకపోతే వాళ్ళ దగ్గర ఒక్క దెబ్బా మోగదు.