చేపలే పట్టని చోట వేట నిషేధం ఎందుకు?

తీరంగాలి:
ఉత్తర ధ్రువం చుట్టూ ఏ దేశానికీ చెందని సముద్రం దాదాపు 28 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంది. అక్కడ వ్యాపారానికి చేపలు పట్టబోమని అమెరికా, రష్యా, చైనా, ఐరోపా సమాఖ్యతో కలిపి 10 పక్షాలు 2018లో ఒప్పందం రాసుకున్నాయి. 2021 నుంచి 16 ఏళ్లు అమలు. కానీ అక్కడ వ్యాపార వేట ఇంతవరకు జరగనే లేదు! అసలు దెబ్బ వేడిది. అమెరికాలోని అలాస్కా పక్కనున్న బేరింగ్ సముద్రంలో 2018-19 వేడికి వెయ్యి కోట్ల దాకా మంచు పీతలు పోయాయి. 2022లో అలాస్కాలో ఆ వేట మొదటిసారి మూసేశారు. వేడిని వదిలేసి వలలకు తాళం వేస్తే ఒరిగేదేంటి?

సరంగు మనవడు:
తీరంగాలి గారూ, పీతల సంగతి నిజమే. మంచు కరిగాక అడుగున ఉండే చల్లనీళ్ల మేర కుంచించుకుపోయింది. నీళ్లు వెచ్చబడితే పీతకు తిండి ఎక్కువ కావాలి. అన్నీ ఒకేచోట ఇరుక్కుని ఆకలితో చచ్చాయి. సరే, వేడి ఇంత పని చేస్తున్నప్పుడు పైన ట్రాలర్లు కూడా దిగితే?

అదే బేరింగ్‌లో అమెరికా, రష్యా జలాల మధ్య ఎవరిదీ కాని ముక్క ఒకటుంది. డోనట్ హోల్ అంటారు. ఎవరిదీ కాదు కదా అని జపాన్, కొరియా, పోలండ్, చైనా బోట్లు పొలాక్ చేప కోసం ఎగబడ్డాయి. 1989లో ఏకంగా 14 లక్షల టన్నులు! 1992కి వల వేస్తే డీజిల్ ఖర్చు కూడా రాని పరిస్థితి. 1994లో ఒప్పందం చేసుకున్నారు, కానీ చేప తిరిగి రాలేదు. అక్కడ ఇప్పటికీ వేట లేదు. చేప అయిపోయాక రాసుకున్న కాగితం అది. ఆర్కిటిక్‌లో ముందే రాసుకున్నారు, నాకైతే ఇదే తెలివైన పని.

గోదారోడు:
మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపితే బోటు వాళ్లకు భృతి ఇస్తారు. అక్కడ ఆ టెన్షన్ కూడా లేదు, ఎవరి పొట్టా కొట్టట్లేదు. ఇంత చవగ్గా నిషేధం మళ్లీ దొరకదు.

తీరంగాలి:
డోనట్ హోల్ ఉదాహరణ బలంగానే ఉందండీ. కానీ 2037 తర్వాత? అయిదేళ్ల చొప్పున దానంతటదే పొడిగింపు అంటున్నారు, అయితే ఒక్క పక్షం అభ్యంతరం చెప్పినా పొడిగింపు ఆగిపోతుంది. అప్పటికి మంచు ఇంకా కరిగి, చేపలు ఉత్తరానికి వలస వస్తే ఎవరో ఒకరికి నోరూరదా?

సరంగు మనవడు:
ఊరుతుంది. అందుకే అందులో వేట నిషేధంతో పాటు కలిసి పరిశోధన చేయాలన్న షరతు కూడా పెట్టారు. మంచు కింద బతికే ఆర్కిటిక్ కాడ్ చేప మీద సీళ్లు, తిమింగలాలు ఆధారపడ్డాయి. ఆ చేపలు ఎన్ని ఉన్నాయో లెక్క తేలకుండా కోటాలు పంచుకోవడం కుదరదు. నా అసలు గొడవ వేరు. 2008 నుంచి ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో హిమాద్రి పరిశోధన కేంద్రం నడుపుతున్న మన దేశం ఈ పదిలో లేదు. ఆసక్తి ఉన్న దేశాలను పిలిచే వీలు ఒప్పందంలోనే ఉంది. 2037లో మాట్లాడాలంటే ఇప్పుడే లోపల కూర్చోవాలి.